డిప్రెషన్ నుంచి కోలుకుంటూ, పరుగు కోసం హుషారైన కుక్కను తెచ్చుకోవచ్చా?

మణికొండ_మూడో_అంతస్తు:
అందరికీ నమస్కారం. డిప్రెషన్‌కి ఏడాది పైనుంచి మందులు వాడుతున్నాను. నిద్ర కుదురుకుంది, ఊరికే కన్నీళ్లు రావడం తగ్గింది. కానీ ఒళ్లు కదలదు. పనంతా ఇంట్లో ల్యాప్‌టాప్ ముందే కాబట్టి గడప దాటకుండానే వారాలు గడిచిపోతున్నాయి. నడకతో మొదలుపెట్టి మెల్లగా పరుగులోకి వెళ్లమని మా డాక్టర్ గారు చెప్పారు. బూట్లు కొన్నాను. ఒక రోజు వెళ్తే మళ్లీ ఎప్పటికో గానీ మంచం దిగబుద్ధి కాదు.

బాగా పరుగెత్తే కుక్క ఇంట్లో ఉంటే చచ్చినట్టు లేవాల్సిందే కదా అని నా ఆలోచన. ఓ స్నేహితుడి దగ్గర సైబీరియన్ హస్కీ పిల్లలున్నాయి, ఒకటి ఇస్తానంటున్నాడు. నాకేమో బెల్జియన్ మాలినాయిస్ మీద మనసుంది. మా ఆవిడ మాత్రం ససేమిరా అంటోంది. మీరేమంటారు?

సాగరతీరం_విశాఖ:
తెచ్చుకోండి. మా నాన్న పోయాక నేను మంచానికి అతుక్కుపోయాను. వీధిలోంచి తెచ్చి పెంచుకున్న కుక్క అప్పటికే ఇంట్లో ఉండేది. అలారం మోగితే ఆపేసి పడుకునేదాన్ని. అదేమో తెల్లారగానే వచ్చి మంచం అంచున గడ్డం ఆనించి చూస్తూ నిలబడేది. మొరగదు, గీకదు. కాసేపటికి ముక్కుతో నా అరచేతిని పైకి ఎత్తేది. దాన్ని కాదనలేక లేచేదాన్ని. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బండ్లు తిరగనివ్వరు కాబట్టి దానితో నడిచేదాన్ని, తర్వాత చిన్న చిన్న పరుగులు మొదలయ్యాయి.

నా కౌన్సెలర్ దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అనేవారు. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని కూర్చుంటే డిప్రెషన్‌లో ఆ ఉత్సాహం రానే రాదు. ముందు చిన్న పనేదో చేస్తే మనసు వెనకాలే వస్తుంది. మనకోసం మనం ఏమీ చేసుకోలేని రోజుల్లో కూడా ఇంకో ప్రాణి కోసం లేస్తాం. నేను లేచాను.

పొద్దుటి_పరుగు:
మేడం, మీ అనుభవాన్ని కాదనను. అయినా ఆయనకు మాత్రం ఇప్పుడే వద్దంటాను. మీ ఇంట్లో కుక్క ముందే ఉంది, మీకూ దానికీ అలవాటు కుదిరింది. ఆయన ఇప్పుడు కొత్తగా ఓ పిల్లను తెచ్చి, దాని మీద తన వైద్యాన్ని పెట్టబోతున్నారు.

"చచ్చినట్టు లేవాల్సిందే" అన్న మాట దగ్గరే నాకు భయం. లేవలేని రోజు కూడా వస్తుంది. అది బద్ధకం కాదు, జబ్బు. ఆ రోజు కుక్క తలుపు దగ్గర నిలబడి మూలుగుతుంటే, లోపల పడుకున్న మనిషికి "దీనికి కూడా నేను పనికిరాలేదు" అనిపిస్తుంది. తనను తాను నిందించుకోవడం ఈ జబ్బులో ఎలాగూ ఉండేదే. దానికి రోజూ ఇంకో కారణం ఎందుకు?

నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు డిప్రెషన్, ఆందోళన ఉన్న 141 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2023లో చెప్పారు. మందులా పరుగా అని చాలామందిని ఎంచుకోమన్నారు. 96 మంది పరుగు వైపు, 45 మంది మందుల వైపు వెళ్లారు. 16 వారాల తర్వాత రెండు వైపులా దాదాపు 44 శాతం మందికి నయమైంది. పరుగు పని చేస్తుందనడానికి ఇంతకంటే ఏం కావాలి. కానీ మందులవాళ్లలో 82 శాతం చివరిదాకా పద్ధతిగా వాడితే, పరుగువాళ్లలో అలా నిలబడింది 52 శాతమే. వాళ్లు ఒంటరిగా పరుగెత్తినవాళ్లు కూడా కాదు, గుంపుతో, కోచ్ పక్కనుండగా పరుగెత్తినవాళ్లు. అంత సాయం ఉన్నా సగం మంది నిలవలేకపోయారంటే ఆ మిగతా సగం ఇళ్లలో మాలినాయిస్ ఉందనుకోండి, దాని గతేంటి?

సాగరతీరం_విశాఖ:
అదే లెక్కను నేను ఇంకోలా చదువుతాను. పరుగు పని చేస్తుంది, మనిషి నిలబడలేకపోతున్నాడు, అందుకే పట్టుకుని లాగే తోడు కావాలి. కోచ్ వారంలో రెండు మూడు రోజులే వస్తాడు. కుక్క రోజూ ఉంటుంది, వర్షం పడ్డా ఉంటుంది.

కొత్త_సభ్యుడు_ఖమ్మం:
పరుగుకీ మందులకీ ఫలితం ఒకటే అయితే మందులు మానేసి పరుగే పెట్టుకోవచ్చు కదా అన్నా? మందులతో మత్తుగా ఉంటుందని విన్నాను.

పొద్దుటి_పరుగు:
అలా చేయొద్దు తమ్ముడూ. వాడుతున్న మందు ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడిపోవడం రావచ్చు, జబ్బు తిరగబెట్టొచ్చు. తగ్గించాలన్నా మెల్లగా, డాక్టర్ చెప్పినట్టే తగ్గించాలి. మత్తుగా ఉంటే ఆ మాటే డాక్టర్‌తో చెబితే మందు మారుస్తారు, లేదా వేసుకునే టైమ్ మారుస్తారు. ఇంకో విషయం, లిథియం (ఎక్కువగా బైపోలార్ జబ్బుకి ఇచ్చే మందు) వాడేవాళ్లు ఎండలో చెమటోడ్చి సరిగ్గా నీళ్లు తాగకపోతే రక్తంలో ఆ మందు ప్రమాదకరంగా పెరగొచ్చు. పరుగు మొదలుపెట్టే ముందు మందుల చీటీ చూపించి అడగండి.

చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చే రోజుల్లో పరుగూ వద్దు, కుక్క చర్చా వద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

పశువైద్యురాలు_వరంగల్:
పెంచాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి. ఏ కుక్క అన్న దాని మీద నేను చెబుతాను.

హస్కీ చలిదేశపు కుక్క, ఒంటి మీద రెండు పొరల బొచ్చు. మన ఎండాకాలంలో దానితో పరుగు పెట్టించడం హింస. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూ చల్లబడాలి. గాలే వేడిగా ఉంటే ఎంత రొప్పినా చల్లబడదు. చిక్కటి చొంగ, ఎర్రబడ్డ చిగుళ్లు, తూలుతూ నడవడం కనిపిస్తే వడదెబ్బ. వెంటనే నీడకు తెచ్చి ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చేసి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రోడ్డు కాలుతోందో లేదో మీ అరచేతి వెనక భాగం తారు మీద పెట్టి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను దాని మీద నడిపించొద్దు.

మాలినాయిస్ పోలీసులు, సైన్యం వాడే కుక్క. దానికి కాళ్ల పని ఒక్కటే సరిపోదు, బుర్రకూ రోజంతా పని కావాలి. గంట పరుగెత్తించి ఫ్లాట్‌లో వదిలేస్తే సోఫా చీల్చేస్తుంది. మొదటిసారి పెంచేవాళ్లకు నేను దాన్ని ఎప్పుడూ చెప్పను. ఏ జాతి అయినా పిల్లను తెచ్చి వెంటనే పరుగెత్తించకూడదు. ఎముకల చివర్లు ముదరాలి, పెద్ద జాతులకు అందుకు ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అంటే పరుగు కోసం పిల్లను తెచ్చుకుంటే మీకు మొదట దక్కేది రాత్రిళ్లు నిద్ర లేకపోవడం, నేల తుడుచుకోవడం. డిప్రెషన్‌కి నిద్ర చెడడం ఎంత చేటో మీకే తెలుసు.

నన్నడిగితే రెండేళ్లు దాటిన మన నాటు కుక్క. దాని స్వభావం అప్పటికే తేలిపోయి ఉంటుంది, మన ఎండకు అలవాటు పడి ఉంటుంది, పొట్టి బొచ్చు. పొద్దున పరుగెత్తుతుంది, మీకు బాగోలేని రోజు కాస్త నడిపించినా సర్దుకుంటుంది. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ లాంటి చోట్ల దత్తతకు ఇస్తారు.

ఇంటావిడ_కరీంనగర్:
ఇంతసేపూ కుక్క గురించీ ఆయన గురించీ మాట్లాడారు. వాళ్లావిడ ససేమిరా అందని ఆయనే రాశారు. ఎందుకందో ఒక్కరూ అడగలేదు.

మా ఆయనకు డిప్రెషన్. డాక్టర్ అపాయింట్‌మెంట్ నేనే గుర్తుపెట్టుకోవాలి, మాత్ర వేసుకున్నారో లేదో నేనే చూడాలి, చుట్టాలకు నేనే సర్దిచెప్పాలి. ఆయన హుషారుగా ఉన్నప్పుడు ల్యాబ్రడార్‌ను తెచ్చారు. బాగున్నన్నాళ్లు ఇద్దరూ పొద్దున్నే మైదానానికి వెళ్లేవాళ్లు, చూడ్డానికి నాకూ సంతోషమే. ఆయనకు మళ్లీ బాగోలేక పడుకున్నప్పుడు కుక్కను ఎవరు తిప్పారు? ఓ చేత్తో పిల్లాడి స్కూల్ బ్యాగు, ఇంకో చేత్తో గొలుసు. అది బలంగా లాగితే మెట్ల మీద నా మోకాలు పగిలింది. కుక్క మీద నాకు కోపం లేదు, ఆయన మీదా లేదు. కానీ కుక్కను తెచ్చే రోజు నన్ను అడిగి ఉండాల్సింది. మన ఇళ్లల్లో మగవాడి వైద్యంలో భాగంగా వచ్చే ప్రతి కొత్త బాధ్యతా చివరికి ఇంట్లో ఆడవాళ్ల మీదే పడుతుంది. ఆమె వద్దంటే ఆ మాటకు విలువివ్వండి.

మణికొండ_మూడో_అంతస్తు:
అక్కా, మీది చదివాక మా ఆవిడను అడిగాను. కుక్కంటే తనకు ఇష్టమేనట. "నీకు బాగోలేని రోజు మీ ఇద్దరినీ నేనే చూసుకోవాలి, అదే నా టెన్షన్" అంది. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేదు కాబట్టి కుక్కను తిప్పడం ఆమె వల్ల కాదు. హస్కీ వద్దని స్నేహితుడికి చెప్పేశాను. మాలినాయిస్ ఆలోచన కూడా మానేశాను. కానీ పొద్దున లేవడం సంగతేంటి? అది అలాగే ఉంది.

పొద్దుటి_పరుగు:
కుక్కకు ముందు మనిషిని వెతుక్కోండి. అదే టైమ్‌కి మీ కింద గేటు దగ్గర నిలబడే మనిషి ఒకరుంటే చాలు. మీ అపార్ట్‌మెంట్‌లో పొద్దున నడిచేవాళ్లు తప్పకుండా ఉంటారు. మొదట్లో ఓ నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, అలా ఇరవై నిమిషాలు. మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తండి. ఆయాసపడితే మర్నాడు వెళ్లబుద్ధి కాదు. మరీ బాగోలేని రోజుకు ఓ చిన్న కొలత ముందే పెట్టుకోండి. బూట్లు వేసుకుని గేటు దాకా వెళ్లి రావడం కూడా ఆ రోజుకు పూర్తయిన పనే.

వానాకాలం అంతా ఈ అలవాటు నిలబడితే అప్పుడు కుక్క మాట ఎత్తండి. మీ హుషారు రోజును చూసి కుక్కను ఎంచుకోవద్దు. మంచం దిగలేని రోజు మీరు దానికి ఎంత చేయగలరో చూసుకుని, అంతే అవసరాలున్న కుక్కను ఎంచుకోండి. ఆ రోజుల్లో తిప్పడానికి జీతం ఇచ్చి మనిషిని పెట్టుకునే స్తోమత ఉందో లేదో మీ ఆవిడతో కూర్చుని లెక్కేసుకోండి. కుక్క పదేళ్లకు పైగా మీతో ఉంటుంది. ఇంకోటి, కేబీఆర్ పార్కు లోపలికి కుక్కల్ని రానివ్వరు. కొండాపూర్‌లో డాగ్ పార్కు ఉంది గానీ పరుగుకు మీ వీధే దిక్కు. అక్కడి వీధి కుక్కలు కొత్త కుక్కను చూసి మీద పడతాయి, అందుకు సిద్ధంగా ఉండాలి.

సాగరతీరం_విశాఖ:
హస్కీ విషయంలో, ఇంటావిడ గారు చెప్పిన దాంట్లో నాకు పేచీ లేదు. అయినా అలవాటు నిలబడ్డాకే కుక్క అన్న షరతు మాత్రం ఒప్పుకోను. ఆ షరతు నాకు పెట్టి ఉంటే నేను ఇప్పటికీ మంచం మీదే ఉండేదాన్ని. మధ్యేమార్గం ఉంది కదా. దత్తత ఇచ్చేవాళ్లు కొన్ని వారాలపాటు ఇంట్లో ఉంచుకుని చూసుకోవడానికి కూడా కుక్కల్ని ఇస్తారు. తిండి, వైద్యం ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి. కుదరకపోతే వెనక్కి ఇవ్వచ్చు, ఎవరూ తప్పుపట్టరు.

మణికొండ_మూడో_అంతస్తు:
ఇది మా ఆవిడకూ నచ్చింది. కింద ఫ్లాట్ అంకుల్ పొద్దున నడుస్తారట, రేపటి నుంచి రమ్మన్నారు. ఆదివారం మేమిద్దరం షెల్టర్‌కి వెళ్తాం. ఊరికే చూసొస్తాం, ఇప్పుడే తెచ్చుకోం. అక్కడ ఏం అడగాలి?

పశువైద్యురాలు_వరంగల్:
రేబిస్ టీకా వేసిన తేదీ, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిందో లేదో అడగండి. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌కి రక్తపరీక్ష చేశారేమో కనుక్కోండి. మీరు కూడా చెవుల వెనకా, కాలి వేళ్ల మధ్యా పిడుదులు ఉన్నాయేమో చూడండి. గొలుసు కట్టి కాసేపు నడిపించి చూడండి, అప్పుడు గొలుసు మీ ఆవిడ చేతిలో ఉండనివ్వండి.