కొత్త ఇంట్లో ల్యాన్ వైరింగ్: ప్లాస్టరింగ్‌కి ముందు ఏం చేయించాలి?

నిజాంపేట్_ఇల్లు:
నమస్తే అండి. నిజాంపేట్‌లో జీ ప్లస్ వన్ కడుతున్నాం. రెండు స్లాబులూ పడ్డాయి, వచ్చే వారం కరెంటు పైపులకి గోడలకు గాడి కొడతారు. ఫైబర్ ఇంటర్నెట్ కింద హాల్లోకి వస్తుంది. కింద ఒక బెడ్రూము, ఒక టీవీ. పైన ఆఫీసు గది, రెండు బెడ్రూములు, ఇంకో టీవీ. డాబా మీద ఒక కెమెరా. ల్యాన్ వైరుని (గదులకి నెట్ తీసుకెళ్లే వైరు) కూడా కరెంటు పైపులోంచే లాగేస్తే ఖర్చు కలిసొస్తుందని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు, పర్వాలేదా? ల్యాన్ వైర్లలో క్యాట్ 6 రకం సరిపోతుందా, దాని పై రకం 6ఏ వేయాలా? పాత వైఫై రౌటర్ ఒకటుంది, దాన్ని పై అంతస్తులో వాడుకోవచ్చా?

పైపు_పాయింటు:
కరెంటు పైపులోంచి ససేమిరా వద్దండి. సిగ్నల్ పాడవడం అటుంచి, లాగేటప్పుడు ఎక్కడైనా ఇన్సులేషన్ చీరిందంటే 230 వోల్టులు నేరుగా మీ కంప్యూటర్ దాకా వస్తాయి. విడిగా 25 ఎంఎం పైపు వేయించండి, కరెంటు పైపుకి అడుగు దూరంలో. రెండూ దాటాల్సిన చోట నిలువుకి అడ్డంగా దాటాలి, పక్కపక్కన పోకూడదు. మూలల్లో ఎల్బో పెట్టనివ్వకండి, వైరు అక్కడే ఇరుక్కుంటుంది. పొడుగు బెండ్లే వాడాలి, రెండు బెండ్లు దాటితే మధ్యలో జంక్షన్ బాక్స్.

వైరు మాత్రం ఇప్పుడే లాగొద్దు. ప్లాస్టరింగ్‌కి ముందు పైపులు, బాక్సులు, లోపల నైలాన్ తాడు ఉంటే చాలు. పైపు మూతులకి గుడ్డ కుక్కండి, లేకపోతే సిమెంటు దిగి గట్టిపడుతుంది. గోడలు ఆరాక, రంగులకి ముందు వైరు లాగించండి.

స్విచ్‌బోర్డులకి లాగినట్టు ఒక గది నుంచి ఇంకో గదికి లూప్ చేస్తే కుదరదు. ప్రతి పాయింటు నుంచీ విడి వైరు, మధ్యలో అతుకు లేకుండా, ఫైబర్ పెట్టె (నెట్ కంపెనీ వాళ్లు పెట్టే రౌటర్) ఉన్న చోటికే రావాలి. మీ లెక్క: ఆఫీసుకి 2, టీవీ దగ్గర రెండేసి చొప్పున 4, బెడ్రూములకి 3, అంతస్తుకో వైఫై యాక్సెస్ పాయింటు (వైరు నుంచి వైఫై ఇచ్చే పెట్టె) చొప్పున 2, కెమెరాకి 1, మొత్తం 12. సగటున 18 మీటర్లు అనుకున్నా 216 మీటర్లు. పెట్టె దగ్గర రెండేసి మీటర్లు, గదుల్లో జానెడు వదిలినా 305 మీటర్ల కట్ట ఒకటి చాలు. పైకి 8 వైర్లు వెళ్తాయి, పైపుకి నాలుగు మించకూడదు కాబట్టి రెండు పైపులు, ఖాళీగా ఇంకొకటి. స్లాబ్ పడిపోయింది గనక సీలింగ్ మధ్యకి పైపు వెళ్లదు, యాక్సెస్ పాయింట్లని గోడ మీద లింటెల్‌కి పైన పెట్టుకోండి.

రాగి_తీగ:
క్యాట్ 6 చాలు. 1 గిగాబిట్ 100 మీటర్ల దాకా, 10 గిగాబిట్ 55 మీటర్ల దాకా మోస్తుంది, మీ ఇంట్లో ఏ వైరూ అంత పొడుగుండదు. 6ఏ లావు, బిరుసు, చిన్న బాక్సులో వంగదు. అసలు చూడాల్సింది రాగి. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నా ఇంకెక్కడ కొన్నా, చివర ఒక తీగని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు, కెమెరాకి అదే వైర్లో కరెంటు పంపితే వేడెక్కుతుంది, రెండుసార్లు వంచితే తెగుతుంది.

గోడలోని వైరు చివరకి ప్లగ్గు కొట్టించకండి, కీస్టోన్ జాక్‌లోకి (గోడ ప్లేటులో బిగించే సాకెట్) పంచ్ టూల్‌తో (తీగల్ని అందులోకి నొక్కే పనిముట్టు) దించాలి. వైరు లోపల ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా మెలిపెట్టి ఉంటాయి, ఆ మెలికలు అరంగుళానికి మించి విప్పొద్దు. ఒకటో పిన్ను నుంచి రంగుల వరస: వైట్-ఆరెంజ్, ఆరెంజ్, వైట్-గ్రీన్, బ్లూ, వైట్-బ్లూ, గ్రీన్, వైట్-బ్రౌన్, బ్రౌన్. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: రంగులు జంటలుగా వరసగా పెట్టేసి, రెండు వైపులా ఒకేలా ఉంది కదా అంటారు. లైట్ల టెస్టర్‌లో ఎనిమిదీ వెలుగుతాయి, కానీ 3, 6 పిన్నులకి వేర్వేరు జంటల తీగలు పడి లింకు నిలబడదు. వరస సరిగా ఉండి కూడా 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిందంటే ఏదో ఒక తీగ తగలట్లేదని అర్థం. 100కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. ఆ చివర జాక్ విప్పి మళ్లీ దించండి.

నిజాంపేట్_ఇల్లు:
చాలా థ్యాంక్స్ అండి, ఎలక్ట్రీషియన్‌కి ఇదే చూపిస్తాను. పాత రౌటర్ సంగతి, కెమెరా సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

రెండో_రౌటర్:
గిగాబిట్ పోర్టులుంటే నిక్షేపంగా వాడుకోవచ్చు. వైరు తగిలించకముందే ల్యాప్‌టాప్‌తో దాని సెట్టింగుల్లోకి వెళ్లి యాక్సెస్ పాయింట్ మోడ్ ఉందేమో చూడండి. లేకపోతే ముందు దాని అడ్రసు మార్చి, తర్వాత డీహెచ్‌సీపీ (ఫోన్లకి, కంప్యూటర్లకి అడ్రసులు పంచే సెట్టింగు) ఆపేయండి. ఫైబర్ పెట్టె 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. గోడ నుంచి వచ్చే వైరుని బయటి నెట్ వచ్చే వ్యాన్ పోర్టులో కాదు, ఇంట్లో పరికరాలకిచ్చే ల్యాన్ పోర్టులో పెట్టాలి. డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే రెండు పెట్టెలూ అడ్రసులు పంచుతాయి, కొన్ని ఫోన్లకి నెట్ వస్తుంది, కొన్నింటికి రాదు.

రెండు వైఫై పెట్టెలకీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇవ్వండి, 2.4 గిగాహెర్ట్జ్ ఛానెల్ ఒకదానికి 1, ఇంకోదానికి 6. ఫైబర్ పెట్టె పోర్టులు మీ 12 వైర్లకి చాలవు, 16 పోర్టుల గిగాబిట్ స్విచ్ (ఒక నెట్ వైరుని చాలా వైర్లకి పంచే పెట్టె) తీసుకోండి. దాన్నుంచి ఫైబర్ పెట్టెకి ఒకే ఒక్క వైరు. రెండోది పెట్టారంటే లూపై ఇల్లంతా నెట్ ఆగిపోతుంది.

రాగి_తీగ:
డాబా మీదికి మామూలు బూడిదరంగు వైరు వద్దు, ఎండకి పైతొడుగు పగిలిపోతుంది. బయట వాడే నల్ల తొడుగు వైరు కావాలి. పైపు నోరు కిందికి వంగి ఉండాలి, లేకపోతే వాన నీళ్లు పైపులోంచి లోపలి బాక్సులోకే దిగుతాయి. ఏప్రిల్, మే ఉరుముల గాలివానలకి ముందే వైరు ఇంట్లోకి దిగే చోట ఈథర్నెట్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, దాని ఎర్త్ తీగని ఇంటి ఎర్తింగ్‌కి కలిపించండి. ఎర్త్ కలపకపోతే అది ఉన్నా లేనట్టే.