డిఫరెంట్ తర్వాత ఫ్రమ్మా, టూనా, దానా?

కొత్తచిగురు: ఆఫీసు మెయిల్లో ‘డిఫరెంట్ టు’ అని రాశాను. పక్క సీటాయన చూసి తప్పు, ‘ఫ్రమ్’ రావాలి అన్నారు. సినిమాల్లో ‘డిఫరెంట్ దాన్’ కూడా వింటుంటాం కదా. ఏది రాయాలి?

ఎర్రసిరా: ఫ్రమ్. ఇందులో చర్చ ఏముంది? ‘డిఫర్’ అనే క్రియ తర్వాత ఫ్రమ్ వస్తుంది, ‘డిఫర్ టు’ అని ఎవరూ అనరు. క్రియకు ఏది వస్తే దాన్నుంచి పుట్టిన విశేషణానికీ అదే. టు కావాలంటే సుపీరియర్, ఇన్ఫీరియర్, సీనియర్, జూనియర్ ఉన్నాయి, వాటికి పెట్టుకోండి. ఏళ్ల తరబడి పిల్లలకు ఇదే చెబుతున్నాను.

గాలివాటం: మాస్టారూ, క్రియ లెక్కే నిజమైతే ‘అకార్డ్’ తర్వాత విత్ వస్తుంది కదా, మరి ‘అకార్డింగ్ టు’ అని ఎందుకంటున్నాం? బ్రిటన్‌లో డిఫరెంట్ టు మామూలే, అమెరికాలో దాన్ మామూలే. ఫ్రమ్ రెండు చోట్లా నడుస్తుంది. ఫ్రమ్ తప్ప ఇంకేదీ రాకూడదనడం మూఢనమ్మకమని, ఇంగ్లీషు వాడుక మీద పేరున్న నిఘంటువు రాసిన ఫౌలర్ 1926లోనే అన్నాడు.

ఎర్రసిరా: ఫౌలర్ వచ్చి పేపర్లు దిద్దడు.

నిశాచరి: నేనైతే మీ ఇద్దరితోనూ ‘ఐ డిఫర్ విత్ యూ’ అంటాను. అభిప్రాయం కలవనప్పుడు విత్ కూడా ఒప్పే 😄

గాలివాటం: ‘డిఫరెంట్ దాన్ ఐ ఎక్స్‌పెక్టెడ్’ తీసుకోండి. ఇక్కడ ఫ్రమ్ పెడితే వెనకాల ‘వాట్’ కూడా ఇరికించాలి.

ఎర్రసిరా: ఇరికించండి. ఒక్క మాటకే చేతులు నొప్పెడతాయా?

మూడోబెంచీ: పనిలో పనిగా ‘డిస్కస్ అబౌట్’ సంగతి కూడా తేల్చండి. ‘దాని గురించి చర్చించాం’ అనుకుంటాం కాబట్టి అబౌట్ దానంతటదే వచ్చేస్తుంది. ‘మ్యారీడ్ విత్’ కూడా అంతే, ‘ఫలానా అమ్మాయితో పెళ్లయింది’ అనే అలవాటు.

ఎర్రసిరా: డిస్కస్ తర్వాత ఏదీ రాదు. మ్యారీడ్‌కి టు. గాలివాటం గారు వీటిని కూడా ‘నడుస్తుంది’ అంటారేమో.

గాలివాటం: అననండి. ‘డిస్కస్ అబౌట్’ బ్రిటన్‌లోనూ తప్పే, అమెరికాలోనూ తప్పే. ‘డిఫరెంట్ టు’ అలా కాదు, పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లే రోజూ అంటారు. రెండిటినీ ఒకే గాటన కట్టడం వల్లే నాకు ఒళ్లు మండుతోంది. ఒక ఇంటర్వ్యూలో నేను ‘డిఫరెంట్ టు’ అనగానే ప్యానెల్లో ఒకాయన మధ్యలో ఆపి దిద్దాడు. తర్వాత నోరు పెగల్లేదు. తప్పు కానిదానికి! ఆయనకు పాఠం చెప్పింది మీలాంటి మాస్టారే అయ్యుంటారు.

మూడోబెంచీ: ఇక మొదలైంది.

ఎర్రసిరా: అంటే మీకు ఉద్యోగం రాకపోవడం నా పాపమా? అయితే నేనూ చెబుతా. నా దగ్గరికొచ్చే పిల్లల ఇళ్లలో ఇంగ్లీషు ముక్క వినపడదు. మీకు చెవి అలవాటు పడింది, ఏది ఎక్కడ చెల్లుతుందో తెలిసిపోతుంది. వాళ్లకు ‘అదీ ఒప్పే, ఇదీ ఒప్పే’ అంటే టెన్షన్ పడి ఏదీ రాయకుండా కూర్చుంటారు. ఆ మాత్రం దానికి మార్కులు పోగొట్టుకోవాలా? అందుకే ఎక్కడికెళ్లినా చెల్లేది ఒక్కటి చేతికిస్తాను. అది దురుసుగా కనిపిస్తే కనిపించనివ్వండి.

గాలివాటం: ఒక్కటే నేర్పండి, నాకేం అభ్యంతరం లేదు. మిగతావి తప్పని నేర్పడంతోనే నా గొడవ. ‘మీరు ఫ్రమ్ రాయండి, ఇంకొకరు టు అంటే దిద్దకండి’ అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఎర్రసిరా: ఆ మాటన్న మరుక్షణం ‘అయితే మేమూ రాయొచ్చా సార్’ అంటారు.

గాలివాటం: రాయొచ్చనే చెప్పండి. అబద్ధం కాదుగా.

ఎర్రసిరా: పరీక్షలయ్యాక చెబుతాను.