మోసే గేట్లు ఉన్నాక నవంబరులో వెనిస్ వెళ్లడానికి భయమెందుకు?

పటంచేతిలో:

వెనిస్ గురించి ప్రయాణికులు రాసే అభిప్రాయాల్లో, సముద్రపు పోటుకు ఊరు మునుగుతుంది కాబట్టి అక్టోబరు నుంచి జనవరి దాకా అటు వెళ్లొద్దనే మాటే ఎక్కువ కనిపిస్తోంది. వాటికి తోడుగా పెట్టే ఫొటోలు చాలావరకు 2019 నవంబరు 12 రాత్రివి. ఆ రాత్రి నీరు 187 సెంటీమీటర్లకు చేరింది. కొలతలు మొదలయ్యాక అంతకంటే ఎక్కువ వచ్చింది ఒక్కసారే, 1966 నవంబరు 4న, 194.

కానీ 2020 అక్టోబరు 3న, పోటు ఊళ్లోకి రాకుండా ఆపేందుకు కట్టిన మోసే గేట్లు మొదటిసారి నిజమైన పోటుకు ఎదురు నిలిచాయి. బయట సముద్రం 130 దాటినా ఊళ్లో నీరు 70 దగ్గరే ఆగింది. 2022 నవంబరు 22న బయట 170 దాటింది, ఊరు మాత్రం మునగలేదు. నవంబరులో గదుల అద్దె తగ్గుతుంది, వేసవి రద్దీ ఉండదు. 2020కి ముందు రాసిన హెచ్చరికలను ఇక పక్కన పెట్టేయాలన్నది నా వాదన. కాదనేవారు కారణాలతో చెప్పండి.

పోటుపాటు:

మీరిచ్చిన అంకెలు సరైనవే. వాటి నుంచి తీసిన ముగింపుతోనే నాకు పేచీ.

మొదటి సంగతి, ఈ సెంటీమీటర్లు నీటి లోతు కాదు. పుంటా దెల్లా సలూతే దగ్గరి కొలమానంలో 1897 నాటి సముద్ర మట్టాన్ని సున్నాగా పెట్టుకున్నారు. ఇప్పుడు సగటు సముద్ర మట్టమే ఆ సున్నా కంటే 30 సెంటీమీటర్లకు పైన ఉంది. ఊళ్లో ఒక్కో వీధి ఒక్కో ఎత్తు. సాన్ మార్కో స్క్వేర్‌లో పల్లపు భాగం 80 దగ్గరే తడవడం మొదలవుతుంది. రియాల్తో వైపు సుమారు 105 రావాలి. రైల్వే స్టేషన్ అంతకంటే ఎత్తు. అంటే పోటు 100 అని చెప్పిన రోజున స్టేషన్‌లో దిగినవారికి నేలంతా పొడిగా ఉంటుంది, సాన్ మార్కోలో మాత్రం జానెడు నీళ్లుంటాయి. ఇద్దరూ ఒకే రోజు వెళ్లి రెండు రకాల అభిప్రాయాలు రాస్తారు, రెండూ నిజమే.

రెండోది, గేట్లు లేపేది 110 దాటుతుందన్న అంచనా ఉంటేనే. 80కీ 110కీ మధ్య వచ్చే పోట్లకు సాధారణంగా గేట్లు లేవవు. చలికాలంలో మామూలుగా వచ్చేవి అవే. కాబట్టి ఊరు మునగదన్న మాట చాలావరకు నిజం. సాన్ మార్కో తడవదని అనుకుంటే మాత్రం పొరపాటు.

పటంచేతిలో:

ఒప్పుకుంటున్నానండి. అయితే సాన్ మార్కో బసిలికా (స్క్వేర్‌లోని పెద్ద చర్చి) చుట్టూ 2022 చివర్లో గాజు గోడ కట్టారు కదా, లోపలికి నీళ్లు రావు. ఇక మిగిలిన స్క్వేర్ కోసం పంచాంగం చూసుకుని అమావాస్య, పౌర్ణమి తప్పించి టికెట్లు తీసుకుంటే సరిపోదా? 2019 నవంబరు 12 కార్తీక పౌర్ణమి. 2022 నవంబరు 22 మర్నాడు అమావాస్య. చంద్రుణ్ణి చూసి తేదీ పెట్టుకుంటే పోటు భయం సగం పోయినట్టే.

పోటుపాటు:

ఈ సలహా చాలాచోట్ల కనిపిస్తుంది. దీన్ని నమ్మి వెళ్లినవారే ఎక్కువ నిరాశపడతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

1966 నవంబరు 4 ఏ తిథి? అష్టమి దరిదాపులు. పోటు మామూలుగా అతి తక్కువగా ఉండాల్సిన రోజులు. 156 సెంటీమీటర్లు వచ్చిన 2018 అక్టోబరు 29 కూడా పౌర్ణమి దాటి అయిదు రోజులకు. గేట్లు ఉండి కూడా లేపక ఊరు మునిగిన 2020 డిసెంబరు 8 సరిగ్గా చంద్రుడు సగమైన రోజు. చంద్రుడు తెచ్చేది పోటులో ఒక భాగమే. రెండో భాగం గాలిది. ఏడ్రియాటిక్ ఆగ్నేయం నుంచి వాయవ్యానికి సాగిన సన్నటి పొడుగు సముద్రం, వెనిస్ దాని కొసన ఉంది. సిరొక్కో అనే ఆగ్నేయపు గాలి గంటల తరబడి వీస్తే నీళ్లన్నీ ఆ కొసకు వచ్చి గుమిగూడతాయి. వాయుపీడనం ఒక మిల్లీబార్ పడితే నీరు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. గాలి తగ్గాక కూడా పళ్లెంలో నీళ్లు ఊగినట్టు ఏడ్రియాటిక్ సుమారు 22 గంటలకోసారి ఊగుతుంది. అందుకే తుఫాను వెళ్లిపోయిన మర్నాడు మళ్లీ పోటు రావచ్చు. 1966లో గాలి నీటిని వెనక్కి పోనివ్వలేదు, నీరు తగ్గే పాటు రావాల్సిన వేళ కూడా రాలేదు, నీరు 110 పైన 22 గంటలు నిలిచింది.

తిథి చూసి ఆరు నెలల ముందు టికెట్ కొనడం వల్ల చిన్న పోట్లు తప్పుతాయి. పెద్దవి తప్పవు. వాటికి ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు వెనిస్ నగరపాలక సంస్థవారి పోటు అంచనా కేంద్రం ఇచ్చే సమాచారం చూడాలి. ఫోన్ యాప్‌లోనూ వస్తుంది.

మరో మాట. గోదావరి వరదకు అలవాటుపడిన మనకు వరద అంటే రోజుల తరబడి నిలిచే ఎర్రనీళ్లు గుర్తొస్తాయి. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు ఒకటి, రెండు, మూడో హెచ్చరిక ఇచ్చినట్టే వెనిస్‌లోనూ సైరన్‌లో మెట్లు ఉన్నాయి: మొదట ఒక పెద్ద కూత, తర్వాత 110కి ఒక స్వరం, 120కి రెండు, 130కి మూడు, 140కి నాలుగు. పోటుకు మూడు నాలుగు గంటల ముందు మోగుతుంది. తేడా ఏమిటంటే అక్కడ నీరు మామూలుగా రెండు నుంచి నాలుగు గంటల్లో దిగిపోతుంది. ఉదయం పదింటికి సాన్ మార్కో మునిగితే మధ్యాహ్నం రెండుకు అక్కడే కుర్చీలు వేస్తుంటారు.

వెళ్లేవారు చేయాల్సినవి చిన్న పనులే. సాన్ మార్కోను పోటు దిగే వేళకు పెట్టుకోండి, ఉదయం ఎత్తైన చోట్లు చూడండి. వీధిలో అమ్మే ప్లాస్టిక్ తొడుగులు జానెడు నీటికి పనికొస్తాయి గానీ రాళ్ల మీద త్వరగా చిరుగుతాయి. రెండు మూడు రోజులు ఉండేవారు మోకాలి దాకా వచ్చే గంబూట్లు కొనుక్కోవడం మేలు. చెప్పులు విప్పి వట్టి కాళ్లతో దిగకండి. వెనిస్ ఇళ్ల మురుగులో కొంత ఇప్పటికీ కాలవల్లోకే పోతుంది. చక్రాల పెట్టెను ఉప్పునీటిలో లాగితే బేరింగులు తుప్పుపడతాయి. గదికి వెళ్లే దారిలో ఎన్ని మెట్ల వంతెనలున్నాయో ముందే అడగండి. పాసరెల్లె అనే బల్లల దారి ఇరుకు, ఎదురెదురుగా ఇద్దరు సర్దుకుని నడవాలి. దాని మీద ఫొటో కోసం ఆగితే వెనక వందమంది ఆగుతారు. పోటు 120 దాటుతుందంటే ఆ బల్లలు తేలిపోయే ప్రమాదం ఉంటుంది, కాబట్టి తీసేస్తారు. వాపొరెట్టో అనే నీటి బస్సుల్లో కొన్ని లైన్లు పోటు వేళ వంతెనల కింద దూరలేక దారి మారుస్తాయి. విమానం పట్టుకోవాల్సిన రోజున ఇది చూసుకోండి.

గడపరాయి:

ప్రయాణికుల బూట్ల సంగతి సరే. ఇంతసేపూ ఇటుకల మాట ఎవరూ ఎత్తలేదు, నాకు బాధగా ఉంది.

వెనిస్ కట్టినవారు నీటికి తగిలే భాగంలో ఇస్త్రియా రాయి వేశారు. అది నీటిని పీల్చదు. దాని పైన ఇటుక. సముద్రం పెరిగి నేల దిగబడి (మార్గేరా పారిశ్రామికవాడ కోసం భూగర్భజలం తోడటం దీనికి ఒక పెద్ద కారణం, 1970ల్లో ఆపించారు) నీరు ఇప్పుడు ఆ రాతి వరస దాటి ఇటుకకు తగులుతోంది. ఇటుక ఉప్పునీటిని పైకి పీల్చుకుంటుంది. నీరు ఆరుతుంది, ఉప్పు లోపలే స్ఫటికాలుగా పెరిగి ఇటుకను లోపలి నుంచి పగలగొడుతుంది. ప్రతి తడి, ప్రతి ఆరుదలా ఒక దెబ్బ. ఒక పెద్ద వరద కంటే 90, 95 సెంటీమీటర్ల చిన్న పోట్లు వందసార్లు రావడమే బసిలికా పాలరాళ్లకు ఎక్కువ హాని చేసింది. ఉప్పు తీయాలంటే ఖనిజాలు తీసేసిన నీటిలో నానబెట్టిన కాగితపు గుజ్జును పట్టీలా వేసి, ఆరాక తీసి, మళ్లీ వేయాలి. ఒక్క గోడకు నెలలు పడుతుంది.

సాన్ మార్కోలో చిన్న పోట్ల నీరు గట్టు దాటి రాదు. నేల కింది పాత వాన కాలవల గుండా రాతి పలకల్లోని రంధ్రాల నుంచి ఉబికి వస్తుంది. ఆ రంధ్రాలకు కవాటాలు పెట్టే పనులు ఆలస్యంగా మొదలయ్యాయి. అందుకే నా వాదన, మోసేను 110కి కాదు, ఇంకా తక్కువకే లేపాలి.

ఉప్పునేల:

గడపరాయి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆ గేట్లు లేపడం ఉచితం కాదు, డబ్బు లెక్కలోనూ, లగూన్ (ఊరి చుట్టూ ఉన్న ఉప్పునీటి సరస్సు) లెక్కలోనూ.

మోసే అంటే సముద్రం లగూన్‌లోకి వచ్చే మూడు ముఖద్వారాల్లో 78 గేట్లు. లీదో దగ్గర రెండు వరసల్లో 21, 20, మాలమొక్కోలో 19, కియోజ్జాలో 18. ఒక్కోటి 20 మీటర్ల వెడల్పు. మామూలుగా నీళ్లు నింపుకుని సముద్రపు అడుగున పడుకుని ఉంటాయి. లేపాలంటే లోపలికి గాలి కొట్టి నీటిని తోసేస్తారు, అరగంటలో లేస్తాయి. 3 మీటర్ల పోటు దాకా ఆపేలా కట్టారు. ఒక్కసారి లేపడానికి లక్షల యూరోలు. పైగా కీళ్లకు తుప్పు, అడుగున ఇసుక, నత్తగుల్లలు పేరుకోవడం. నీటి అడుగున పెట్టిన యంత్రానికి ఇవి తప్పవు. ఏడాదికి కొద్దిసార్లు వాడేదానిగా అనుకున్నారు, మొదటి రెండేళ్లలోనే చాలాసార్లు లేపారు.

లగూన్‌లో బారెనె అనే ఉప్పుగడ్డి మేటలు ఉన్నాయి. అలను విరిచేవి అవే. తుఫాను పోటు వచ్చినప్పుడే వాటి మీద బురద పేరుకుని అవి ఎత్తు పెరుగుతాయి. సరిగ్గా ఆ సమయంలో గేట్లు మూస్తే ఆ బురద రాదు. సముద్రం పెరుగుతూ పోతుంది, మేట అక్కడే ఉంటుంది, చివరికి మునిగిపోతుంది. మార్గేరాకు చమురు ఓడల కోసం 1960ల్లో తవ్విన లోతు కాలవ ఇప్పటికే బురదను సముద్రంలోకి లాగేస్తోంది. 90కే గేట్లు మూస్తే ఏడాదికి ఎన్నిసార్లు అవుతుందో లెక్కేయండి. ఓడరేవు కూడా అన్నిసార్లు ఆగాలి. మాలమొక్కోలో గేట్లు మూసినా ఓడలు వెళ్లేందుకు లాకు కట్టారు గానీ తుఫాను దెబ్బకు దాని తలుపు పాడైంది.

గడపరాయి:

బారెనె విషయం కాదనలేను. ఆ రెంటిలో ఒకటే ఎంచుకోమంటే మాత్రం ఒప్పుకోను. స్క్వేర్ కవాటాలు, పంపులు పూర్తి చేస్తే చిన్న పోట్లకు గేట్ల అవసరమే రాదు. ముందు చేయాల్సిన ఆ పనిని వెనక్కి నెట్టి, 500 కోట్ల యూరోలకు పైగా పోసి గేట్లు కట్టారు. నా కోపం అక్కడ.

ఉప్పునేల:

ఈ మాటకు నేనూ మీతోనే.

ఆర్నోగట్టు:

ఒక్క సవరణ. శీర్షికలో వెనిస్ ఉంది గానీ ప్రయాణికులు ఇటలీ వరదలన్నీ ఒకటే అన్నట్టు రాస్తున్నారు. 1966లో అదే నవంబరు 4న ఫ్లోరెన్స్‌నూ ఆర్నో ముంచింది, కానీ అది పోటు కాదు, నది. నీటితో బురద వచ్చింది. చలికాలానికి నేలమాళిగల్లో నింపి ఉంచిన హీటింగ్ నూనె బురదలో కలిసింది. ఆ నల్లటి గీత గోడల మీద ఎండిపోయింది. ఫ్లోరెన్స్‌లో, చుట్టుపక్కల కలిపి 35 మంది చనిపోయారు. సాంతా క్రోచె చర్చిలో చిమాబూయె చిత్రించిన శిలువ రంగు చాలావరకు ఊడిపోయింది. బాప్టిస్టరీ బంగారు తలుపు పలకలు ఊడి పడ్డాయి. జాతీయ గ్రంథాలయంలో పది లక్షలకు పైగా పుస్తకాలు, పత్రాలు తడిశాయి. తడి పీల్చేందుకు రంపపు పొట్టు చల్లారు, అది కాగితానికి అంటుకుపోయింది. పొగాకు ఆరబెట్టే కొట్టాల్లో పుస్తకాలు ఆరబెట్టారు. ఇప్పుడైతే తడిసిన పుస్తకాన్ని తెరవకుండా ముందు గడ్డకట్టిస్తారు, బూజు ఆగుతుంది, తర్వాత శూన్యంలో ఆరబెడతారు.

ఆ తర్వాత పొంతె వెక్కియో వంతెన దగ్గర నదీగర్భాన్ని లోతు చేశారు, ఎగువన సియెవె నది మీద బిలాంచినో ఆనకట్ట కట్టారు. 2023 నవంబరులో ఆర్నో ఊరిని ముంచలేదు. కానీ పక్కనే బిజెంజియో నది కట్ట దాటి కాంపి బిజెంజియో అనే ఊరు మునిగింది. నదీ వరదలో గంబూట్లు వేసుకుని తిరగకూడదు. కిందపడితే ప్రవాహం లాగేస్తుంది. నేలమాళిగలోకి అసలు దిగకూడదు, కరెంటు మెయిన్ తీయకుండా పంపు ముట్టుకోకూడదు. వెనిస్ వైపు కూడా ఈ చివరి మాట వర్తిస్తుంది. 2019లో పెల్లెస్ట్రీనా దీవిలో నీళ్లు తోడుతూ ఒక మనిషి కరెంటు షాక్‌కు చనిపోయారు.

పటంచేతిలో:

అందరికీ ధన్యవాదాలు. నేను రాసినదాంట్లో రెండు మార్పులు చేస్తున్నాను. తిథి చూసుకోమన్న మాట తీసేసి, గాలి అంచనా చూడమని పెడుతున్నాను. భయం లేదన్న మాట బదులు ఊరికి 110, సాన్ మార్కోకు 80 అని రాస్తున్నాను. ఒక్కటి మాత్రం అడగాలి. 2020 డిసెంబరు 8న గేట్లు ఉండి కూడా ఎందుకు లేపలేదు? మళ్లీ అలా జరగదా?

పోటుపాటు:

అప్పుడు గేట్లు ఇంకా పరీక్ష దశలో ఉన్నాయి, 130 దాటే అంచనా ఉంటేనే లేపాలన్నది నియమం. పైగా 48 గంటల ముందే నిర్ణయించి ఓడలకు చెప్పాలి. అంచనా 130 లోపే వచ్చింది. గాలి అనుకున్న దానికంటే బలపడింది, నీరు 138కి చేరింది. ఇప్పుడు పరిమితి 110, అందువల్ల అంత తేడా వచ్చే వీలు తగ్గింది. గాలి అంచనాలో పొరపాటుకు మాత్రం ఇప్పటికీ చోటుంది. గేట్లు లేస్తాయని ప్రకటించిన రోజున కూడా పెట్టెను నేల అంతస్తులో వదిలి బయటికి వెళ్లకండి.