సిక్సర్స్ 3వ పిక్: ఎడ్జ్‌కోంబ్‌నా, బెయిలీనా, లేక ట్రేడ్ చేసి కిందికి దిగడమా?

కార్నర్‌త్రీ:

NBA డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేది) 2025 జూన్ 25న. 1లో డల్లస్ కూపర్ ఫ్లాగ్‌ని తీసుకుంటుంది, అందులో చర్చకేమీ లేదు. 2లో శాన్ ఆంటోనియో డిలన్ హార్పర్‌ని వదులుతుందని నేననుకోను. చిక్కంతా 3వ పిక్ దగ్గరే, ఫిలడెల్ఫియా సిక్సర్స్ వంతులో.

తెలియనివాళ్ల కోసం పరిస్థితి క్లుప్తంగా. గత సీజన్ 24 గెలుపులు, 58 ఓటములు. ఈ పిక్ మొదటి ఆరింటిలో పడకపోయుంటే పాత బాకీ కింద ఓక్లహామా సిటీకి పోయేది. వంతులు తేల్చే లాటరీలో 3కి ఎగబాకడంతో చేతిలో మిగిలింది. జట్టులో టైరీస్ మ్యాక్సీ, జారెడ్ మెకెయిన్ ఉన్నారు. క్వెంటిన్ గ్రైమ్స్ ఈ వేసవిలో రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ (బయటి జట్టు ఆఫర్ ఇస్తే అంతే ఇచ్చి పాత జట్టు ఉంచుకోవచ్చు), అతన్నీ ఉంచుకుంటారనే అనుకుందాం. ముగ్గురూ గార్డులే (బయట ఆడుతూ బంతి నడిపేవాళ్లు). సెంటర్ జోయెల్ ఎంబీడ్ ఆడింది 19 మ్యాచ్‌లు, ఫార్వర్డ్ పాల్ జార్జ్ 41.

బోర్డు మీద నాకు కనిపిస్తున్న పేర్లు నాలుగు, అందరూ కాలేజీ కుర్రాళ్లే: బేలర్ గార్డు వి.జె. ఎడ్జ్‌కోంబ్, రట్గర్స్ వింగ్ (పక్కల ఆడే పొడవాటి ఆటగాడు) ఏస్ బెయిలీ, టెక్సస్ షూటర్ ట్రే జాన్సన్, డ్యూక్ నుంచి కాన్ కెనిపల్. గార్డుల మీద ఇంకో గార్డు ఎందుకని ఎడ్జ్‌కోంబ్‌ని పక్కన పెట్టొచ్చా? బెయిలీ వేసే కష్టమైన షాట్లు కోచింగ్‌తో మారతాయా, లేక అతని ఆటే అదా? 4కో 5కో దిగి కెనిపల్‌ని తీసుకుని, అదనంగా ఇంకో పిక్ రాబట్టుకోవడం మేలా? ఫిల్మ్ చూసినవాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు చెప్పండి.

హెల్ప్‌సైడ్:

నా ఓటు ఎడ్జ్‌కోంబ్‌కి, సందేహం లేకుండా.

ముందు ఆ "గార్డుల గుంపు" సంగతి. 1, 2 (గార్డులు), 3 (చిన్న ఫార్వర్డ్) పొజిషన్లకు కలిపి మ్యాచ్‌కి 144 నిమిషాలు. మ్యాక్సీకి 36, గ్రైమ్స్‌కి 30, మోకాలి గాయం నుంచి తిరిగొచ్చే మెకెయిన్‌కి 24, ఎడ్జ్‌కోంబ్‌కి 28 ఇచ్చినా 118 అవుతుంది. ఇంకా 26 మిగిలాయి. జార్జ్‌ని 4లో (పెద్ద ఫార్వర్డ్‌గా) ఆడిస్తే అసలు ఇబ్బందే లేదు. కాబట్టి నిమిషాలు చాలవన్న వాదన నిలబడదు. ఎత్తు చాలదంటే మాత్రం ఒప్పుకుంటాను. మ్యాక్సీ, మెకెయిన్ పక్కపక్కన ఆడితే అవతలి జట్టు స్క్రీన్ (డిఫెండర్‌కి అడ్డుగా నిలబడటం) మీద స్క్రీన్ పెట్టి వాళ్లని వెతుక్కుంటూ వస్తుంది. ఆ జోడీకి మూడోవాడిగా ఎడ్జ్‌కోంబ్ ఎందుకు సరిపోతాడంటే, 6 అడుగుల 4 అంగుళాల మనిషికి చేతుల చాపు 6 అడుగుల 7న్నర. బంతి ఉన్న గార్డు మీద అతన్ని పెడితే మ్యాక్సీకి ఆ పని తప్పుతుంది. మ్యాక్సీ ఎనర్జీ అంతా అవతలి కొసలో ఖర్చు కావాలి.

బేలర్‌లో అతని సగటు 15 పాయింట్లు, 5.6 రీబౌండ్లు, 3.2 అసిస్టులు, 2.1 స్టీల్స్. స్టీల్స్ అంకెని ఊరికే దాటేయకండి. కాలేజీలో స్టీల్స్, రీబౌండ్లు బాగా తెచ్చే గార్డులకి ఎదుటివాడి పాస్‌ని ముందే చదివే అలవాటు ఉంటుంది, ఆ చూపు పై స్థాయిలోనూ పనికొస్తుంది. అతని స్టీల్స్‌లో చాలావరకు వీక్ సైడ్ (బంతి లేని వైపు) నుంచే వస్తాయి. తన మనిషిని ఒక అడుగు వదిలి లేన్‌లో సగం దాకా జారతాడు. పాస్ ఇచ్చేవాడి భుజం తిరగ్గానే కదిలిపోతాడు, బంతి చేయి దాటేదాకా ఆగడు.

లోపాలూ ఉన్నాయి. హాఫ్ కోర్టులో డ్రిబుల్ ఎత్తుగా, వదులుగా ఉంటుంది. మొదటి అడుగుతో డిఫెండర్ని దాటినా రెండో మనిషి అడ్డొస్తే దిశ మార్చలేక ఆగిపోతాడు. పొడవాటి సెంటర్ ఎదురుంటే రిమ్ దగ్గర ముగింపు తడబడుతుంది. అందుకే వేసిన షాట్లలో పడ్డవి 43.6 శాతం దగ్గరే ఆగాయి. అతనికి బంతి అప్పగించి దాడి నడిపించమంటే మొదటి రెండేళ్లు నిరాశే. ఫిలడెల్ఫియాలో ఆ అవసరం లేదు. మ్యాక్సీ, ఎంబీడ్ పిక్ అండ్ రోల్ (ఒకరు అడ్డు పెట్టి రిమ్ వైపు తిరిగే ఆట) ఆడుతుంటే రెండో వైపు నుంచి కట్ చేయడం, కదిలిపోయిన డిఫెన్స్ మీదికి దూసుకెళ్లడం, పరుగెత్తడం. ఈ మూడూ ఇప్పుడే చేయగలడు.

టాప్‌ఆఫ్‌దికీ:

హెల్ప్‌సైడ్ గారూ, మీ నిమిషాల లెక్క బాగుంది. కానీ 3వ పిక్ అంటే వచ్చే ఏడాది 28 నిమిషాలు నింపే మనిషి కోసం కాదు కదా. ఎంబీడ్‌కి 31 ఏళ్లు, ఏప్రిల్‌లో మళ్లీ మోకాలికి ఆపరేషన్. జార్జ్‌కి 35. వాళ్ల చుట్టూ లెక్కలేసి తీసుకున్న కుర్రాడు, వాళ్లు వెళ్లిపోయాక దేనికి సరిపోతాడు?

బెయిలీ ఎత్తు మీద చాలా గొడవ జరిగింది. రట్గర్స్ 6-10 అని రాసుకుంది, కంబైన్‌లో (డ్రాఫ్ట్ ముందు కొలతలు, పరీక్షల శిబిరం) చెప్పుల్లేకుండా కొలిస్తే 6 అడుగుల 7న్నర అంగుళాలు తేలాడు. చేతుల చాపు 7 అడుగుల అర అంగుళం. అంటే 4 కాదు, వింగ్. వింగ్‌గా చూస్తే ఇప్పటికీ పెద్ద సైజే. బంతి అందుకుని ఒక్క డ్రిబుల్‌తో పైకి లేచి, ఎదుటివాడి చేతి పైనుంచి వేసే షాట్ ఈ డ్రాఫ్ట్‌లో అతనంత సులువుగా ఎవరూ వేయరు. ప్లేఆఫ్స్ చివరి నిమిషాల్లో సెట్ ప్లేలన్నీ మూసుకుపోయాక మిగిలేది ఆ షాటే. 17.6 పాయింట్లు, 7.2 రీబౌండ్లు, 1.3 బ్లాకులు, అదీ 18 ఏళ్ల వయసులో.

వయసు చూడండి. ఎడ్జ్‌కోంబ్‌కి జూలై 30కి 20 నిండుతాయి. బెయిలీకి ఆగస్టులో 19. ఏడాది తేడా ఈ వయసులో చాలా పెద్దది. ఇద్దర్నీ ఒకే వరసలో నిలబెట్టి "వీడు ఇప్పుడే మెరుగు" అనడం అన్యాయం.

పొజిషన్ చూసి పిక్ చేసినవాళ్ల చరిత్ర కూడా గుర్తు చేస్తాను. 1984లో పోర్ట్‌లాండ్ దగ్గర క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు. గార్డు అక్కర్లేదు, సెంటర్ కావాలని 2లో శామ్ బౌయీని తీసుకున్నారు. 3లో షికాగో తీసుకున్నది మైకేల్ జోర్డాన్‌నని చెప్పక్కర్లేదు.

హెల్ప్‌సైడ్:

పోర్ట్‌లాండ్ ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది కదండీ. గార్డులున్నారు కాబట్టి గార్డు వద్దనేదే అక్కడ జరిగిన పొరపాటు. ఇప్పుడు ఎడ్జ్‌కోంబ్‌ని వద్దనేవాళ్ల వాదనా అదే.

షాట్ గురించి మీరన్నది నిజం, అందంగా ఉంటుంది. నా భయం దాని ముందు క్షణం గురించి. వింగ్‌లో బంతి అందుతుంది, అతని డిఫెండర్ ఇంకా తూలుతూనే ఉంటాడు. అప్పుడే వేసేయాలి, లేదా నేరుగా రిమ్‌కి పోవాలి. బెయిలీ ఆగుతాడు. బంతిని తుంటి దగ్గరికి తెచ్చుకుని రెండుసార్లు కాలు ఊపుతాడు. ఈలోపు డిఫెండర్ కాళ్లు కూడదీసుకుంటాడు, తర్వాత వాడి మీదే 18 అడుగుల షాట్. ఆ సమయంలో కార్నర్‌లో ఒకడు ఖాళీగా నిలబడి ఉంటాడు. 1.3 అసిస్టులకి 2 టర్నోవర్లు. పక్కన హార్పర్ లాంటి పాసర్ ఉండి కూడా రట్గర్స్ 15 గెలిచి 17 ఓడింది.

శాంపిల్‌సైజ్:

మీ ఇద్దరి మధ్యలో ఒక మాట. త్రీ (మూడు పాయింట్ల షాట్) శాతాలతో ఈ ఇద్దర్నీ పోల్చకండి. ఎడ్జ్‌కోంబ్ 34.0, బెయిలీ 34.6. ఇద్దరూ వేసింది నూట యాభైకి అటూఇటూగా. 35 శాతం షూటర్ 150 త్రీలు వేస్తే కేవలం అదృష్టం వల్లే 31 నుంచి 39 దాకా ఎక్కడైనా తేలొచ్చు, మూడింట రెండొంతులు ఆ పరిధిలోనే ఉంటాడు. కాబట్టి 34కీ 38కీ తేడాని కూడా ఒక్క సీజన్ చూసి తేల్చలేం.

ఫ్రీ త్రోకి గార్డింగ్ లేదు, దూరం మారదు, కాళ్ల అలసట తప్ప అడ్డేమీ లేదు. అందుకే ముందుముందు షూటింగ్ ఎలా ఉంటుందన్నదానికి అది మంచి సూచన. ఎడ్జ్‌కోంబ్ 78.2, బెయిలీ 69.2, జాన్సన్ 87.1, కెనిపల్ 91.4. ఇదీ చిన్న శాంపిలే, నాలుగైదు పాయింట్ల తేడాని నేను పట్టించుకోను. తొమ్మిది, ఇరవై పాయింట్ల తేడాని మాత్రం పట్టించుకోవాలి. కెనిపల్, జాన్సన్ చెరో రెండొందలకు పైగా త్రీలు వేసి 40 దరిదాపుల్లో ఉన్నారు, ఫ్రీ త్రో కూడా అదే చెబుతోంది. ఆ ఇద్దరి షూటింగ్‌ని నమ్మొచ్చు. బెయిలీ విషయంలో రిలీజ్ చూడ్డానికి బాగుంది, అంకె ఇంకా ఒప్పుకోలేదు.

ఇంకోటి. ఒంటరి వర్కవుట్ వీడియోలు చూసి బెయిలీ మీద ఆశలు పెంచుకునేవాళ్లున్నారు. ఖాళీ జిమ్‌లో డిఫెండర్ లేకుండా వేసే పుల్-అప్‌లలో అతని బలమే కనపడుతుంది, బలహీనత బయటపడే అవకాశమే లేదు. ఎప్పుడు పాస్ చేయాలన్నది తెలియాలంటే కనీసం 3-ఆన్-3 ఆడించాలి, 14 సెకన్ల గడియారం పెట్టాలి. అతను ఫిలడెల్ఫియా వర్కవుట్ రద్దు చేసుకున్నాడని వార్తలొచ్చాయి కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. కంబైన్‌కి వచ్చినవాళ్లకి వైద్య పరీక్షలు తప్పనిసరి కనుక ఆరోగ్యం సంగతి తెలుస్తుంది. ఆట సంగతికి సీజన్ ఫిల్మే దిక్కు.

క్యాప్‌షీట్:

ట్రేడ్ ప్రశ్నకి నేను జవాబిస్తాను. ముందు ఈ పిక్ డబ్బు రూపంలో ఎంత విలువైనదో చూడండి. 2025-26కి ఎంబీడ్, జార్జ్, మ్యాక్సీ ముగ్గురికే సుమారు 14.5 కోట్ల డాలర్లు. శాలరీ క్యాప్ (జట్టు జీతాల పరిమితి) అంచనా సుమారు 15.5 కోట్లు, సెకండ్ ఏప్రన్ (దాటితే ఆంక్షలు పడే పై గీత) సుమారు 20.8 కోట్లు. గ్రైమ్స్‌కి జీతం ఇచ్చాక ఏప్రన్ దగ్గరపడుతుంది. అది దాటితే మిడ్-లెవెల్ ఎక్సెప్షన్ (క్యాప్ దాటినా కొత్త ఆటగాణ్ణి తెచ్చుకునే మినహాయింపు) పోతుంది, ట్రేడ్‌లో ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోవడమూ కుదరదు. 3వ పిక్‌కి రూకీ స్కేల్‌లో (కొత్త ఆటగాళ్ల జీతాల పట్టిక) 120 శాతం ఇచ్చినా మొదటి ఏడాది 1.1 కోట్లే. రెండేళ్లు గ్యారంటీ, తర్వాత రెండేళ్లు జట్టు ఆప్షన్, ఆపైన రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెన్సీ. ఇంత బరువైన పట్టికలో నాలుగేళ్లు చవగ్గా మంచి ఆటగాడు దొరికే దారి ఇదొక్కటే.

కిందికి దిగడానికి మూడు జట్లున్నాయి. షార్లెట్ 4, యూటా 5, వాషింగ్టన్ 6. యూటా దగ్గర 21 కూడా ఉంది, వాషింగ్టన్ దగ్గర 18 ఉంది. 5వ పిక్ జీతం 3తో పోలిస్తే ఏడాదికి సుమారు 20 లక్షల డాలర్లు తక్కువ, ఏప్రన్ అంచున అదీ ఉపయోగమే. 5, 21 ఇచ్చి 3 అడిగితే నేను ఫోన్ పెట్టేయను, కానీ ఒక షరతు. మనకి కావాల్సినవాడు 5 దాకా మిగులుతాడని నమ్మకం ఉండాలి. కెనిపల్ మీదే మనసుంటే షార్లెట్ 4లో అతన్నే తీసుకునే ప్రమాదం ఉంది, లామెలో బాల్ పక్కన షూటర్ వాళ్లకీ కావాలి. అందుకే బేరం ముందే మాట్లాడుకుని, యూటా 5లో ఎవరిని పిలిచిందో విన్నాకే ఖాయం చేయాలి. ఈలోపు 3లో మనం యూటాకి కావాల్సినవాణ్ణి ఎంచి, బేరం చెడితే వాడితోనే మిగిలిపోతాం. ఎడ్జ్‌కోంబ్ మీద నమ్మకం ఉన్నవాళ్లు ఈ ఆట ఆడకూడదు.

సంతకం చేయని పిక్‌కి ట్రేడ్ లెక్కల్లో జీతం సున్నా. సంతకం చేస్తే 30 రోజులు ట్రేడ్ చేయకూడదు. పిక్‌ని పెద్ద ఆటగాడి కోసం వాడాలనుకుంటే ఈ రెండూ గుర్తుంచుకోవాలి. వచ్చే ఏడాది మళ్లీ ఓడి ఇంకో పిక్ తెచ్చుకుందామనే ఆశ కూడా వద్దు. ఓక్లహామా సిటీకి బాకీ 2026కి మారింది, ఈసారి మొదటి నాలుగింటిలో పడితేనే మిగులుతుంది.

టాప్‌ఆఫ్‌దికీ:

ఫ్రీ త్రో అంకె నాకూ గుచ్చుకుంటోంది, కాదనను. కానీ 2015 మర్చిపోకండి. ఇదే జట్టు, ఇదే 3వ పిక్. అప్పుడు "ఇప్పుడే ఆడగలడు" అని జలీల్ ఓకాఫోర్‌ని తీసుకున్నారు, పోర్జింగిస్ 4లో న్యూయార్క్‌కి పోయాడు. పొడవూ షాటూ ఉన్న పచ్చి కుర్రాణ్ణి వదిలేయడం అప్పటికే చూశాం.

హెల్ప్‌సైడ్:

ఓకాఫోర్ దెబ్బతిన్నది డిఫెన్స్‌లో, పైగా ఎంబీడ్, నోయల్ ఉన్న చోటికి మూడో సెంటర్‌గా వచ్చాడు. 2017 డిసెంబరుకల్లా అతన్ని వదిలించుకోవడానికి బ్రూక్లిన్‌కి సెకండ్ రౌండ్ పిక్ కూడా కలిపి ఇచ్చారు. ముగ్గురు సెంటర్లు ఒకేసారి కోర్టు మీద నిలబడలేరు, ముగ్గురు గార్డులు నిలబడగలరు. పైగా ఎడ్జ్‌కోంబ్ షాట్ పడని రాత్రి కూడా డిఫెన్స్‌తో, రీబౌండ్లతో కోర్టు మీద ఉండగలడు. బెయిలీకి షాట్ పడని రాత్రి బెంచే.

కార్నర్‌త్రీ:

చాలా ఉపయోగపడింది అందరికీ. జాన్సన్‌ని నేను జాబితాలోంచి తీసేస్తున్నాను. షూటింగ్ గొప్పదే, కానీ మెకెయిన్ చేసే పనే చేస్తాడు, డిఫెన్స్‌లో ఇద్దర్నీ కలిపి దాచలేం. యూటా 21 కలిపి అడిగితే తప్ప 3లో ఎడ్జ్‌కోంబ్. ఇక మిగిలిన ప్రశ్న ఒకటే, క్యాప్‌షీట్ గారు చెప్పాలి. గ్రైమ్స్‌కి బయటి జట్టు పెద్ద ఆఫర్ షీట్ ఇస్తే మ్యాచ్ చేయాలా, వదిలేయాలా?

క్యాప్‌షీట్:

క్యాప్ ఖాళీ ఉన్న జట్లు ఈ వేసవిలో చాలా తక్కువ, కాబట్టి పెద్ద ఆఫర్ రావడమే కష్టం. వస్తే మాత్రం సంతకానికి ముందే సెకండ్ ఏప్రన్ కింద ఎంత చోటుందో చూసుకోవాలి. అది దాటించే మొత్తమైతే వదిలేయడమే. ఎడ్జ్‌కోంబ్ వచ్చాక గ్రైమ్స్ ఆడే ఆ 30 నిమిషాల్లో సగం అతనే తీసుకోగలడు.