ఫ్రీబీఎస్‌డీ 14కి ఎక్కాక జడ్‌పూల్ అప్‌గ్రేడ్ వెంటనే కొట్టేయాలా, ఆగాలా?

రూట్‌వాసి:
నిన్న రాత్రి నా సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఫ్రీబీఎస్‌డీ 13.5 నుంచి 14.3కి ఎక్కించాను. ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ ఇన్‌స్టాల్, రీబూట్, మళ్లీ ఇన్‌స్టాల్, ప్యాకేజీలన్నీ పీకేజీ-స్టాటిక్‌తో మళ్లీ దింపుకోవడం, ఆఖర్న పాత లైబ్రరీలు పోవడానికి మూడోసారి ఇన్‌స్టాల్. ఎక్కడా ఇబ్బంది రాలేదు. ఇప్పుడు జడ్‌పూల్ (డిస్కుల్ని ఒకే నిల్వగా, అంటే పూల్‌గా, కలిపే జడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ కమాండ్) స్టేటస్ కొడితే ‘కొన్ని ఫీచర్లు ఆన్‌లో లేవు, జడ్‌పూల్ అప్‌గ్రేడ్ చేసుకోండి’ అంటోంది. చేసేయనా? రెండు డిస్కుల మిర్రర్ (రెండింట్లోనూ ఒకే డేటా), బూట్ అయ్యేది యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌తో.

పనైపోవాలి:
చేసేయండి. అప్‌గ్రేడ్ మొదలుపెట్టి చివరి మెట్టు మీద ఆగిపోవడమేంటి? పైగా ఆ హెచ్చరిక రోజూ కనిపిస్తుంటే కళ్లు అలవాటుపడిపోతాయి. రేపు నిజంగా డిస్కు ఎర్రర్ వచ్చినా ‘ఆ పాతదే కదా’ అని దాటేస్తారు.

పాతడిస్కు:
ఒక్క నిమిషం ఆగండి రూట్‌వాసి గారూ. ఇది వెళ్లడమే కానీ తిరిగి రావడం లేని దారి. ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ మీకు 13 బూట్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి, అంటే అవసరమైతే వెనక్కి వెళ్లి బూట్ అవ్వడానికి పాత సిస్టమ్ కాపీ, తీసిపెట్టే ఉంటుంది, వాటిని చూపే బీఈసీటీఎల్ లిస్ట్‌లో చూడండి. పూల్‌లో కొత్త ఫీచర్లు యాక్టివ్ అయ్యాక 13 కెర్నల్‌కి ఆ పూల్‌ని తెరవడం సాధ్యం కాదు. ఇక ఆ బూట్ ఎన్విరాన్‌మెంట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఇక హెచ్చరిక సంగతంటారా, స్టేటస్‌కి మైనస్ ఎక్స్ పెట్టి చూడండి. నిజమైన లోపాలే చూపిస్తుంది, ఈ ఫీచర్ల గొడవ రాదు.

పనైపోవాలి:
ఫీచర్ ‘ఎనేబుల్డ్’ అయినంత మాత్రాన ‘యాక్టివ్’ అయినట్టు కాదు కదా. వాడనంతవరకూ పాత కెర్నల్‌కి అడ్డేమీ లేదు.

పాతడిస్కు:
అన్నీ అలా ఊరుకోవు. 14తో వచ్చిన వీడెవ్-జాప్స్-వీ2 ఉందే, అది తర్వాతి ఇంపోర్ట్‌కే యాక్టివ్ అవుతుంది. ఇంపోర్ట్ అంటే సిస్టమ్ పూల్‌ని తెరవడం; సిస్టమే ఉండే రూట్ పూల్‌కి అది మామూలు రీబూటే. మీరు ఏమీ వాడక్కర్లేదు.

దీంతో నేనే దెబ్బ తిన్నాను. నాదీ మిర్రరే. అప్‌గ్రేడ్ అయ్యాక సిస్టమ్‌ని లేపే కొత్త లోడర్-ఈఎఫ్‌ఐ ఫైల్‌ని మొదటి డిస్కులో బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోకి కాపీ చేశాను. రెండోదాన్ని మర్చిపోయాను. పూల్ అప్‌గ్రేడ్ కొట్టాను, రీబూట్ చేశాను, అన్నీ బాగానే ఉన్నాయి. అయిదు నెలల తర్వాత మొదటి డిస్కు పోయింది. మిర్రర్ ఉందిగా అని ధీమాగా రెండోదాంతో బూట్ చేస్తే నల్ల తెర మీద తెల్లక్షరాలతో ‘అన్‌సపోర్టెడ్ ఫీచర్’, పక్కన ఇదే వీడెవ్-జాప్స్-వీ2. డేటా అంతా భద్రంగా ఉంది, బూట్ మాత్రం కాదు. 14 ఇన్‌స్టాలర్ ఉన్న యూఎస్‌బీ పెట్టి, ఆ పార్టిషన్ మౌంట్ చేసి, లోడర్ కాపీ చేశాక లేచింది. మిర్రర్ చేసేది పూల్‌ని. ఈఎఫ్‌ఐ పార్టిషన్ దాని లెక్కలోకి రాదు.

పనైపోవాలి:
అయ్యో. కానీ తప్పు లోడర్ మర్చిపోవడంలో ఉంది, పూల్ అప్‌గ్రేడ్‌లో కాదు.

పాతడిస్కు:
ఒప్పుకుంటాను. కానీ పూల్‌ని కదపకపోయి ఉంటే ఆ మరుపు నన్ను ఏమీ చేసేది కాదు కదా. కొత్త లోడర్ పాత పూల్‌ని చదువుతుంది, పాత లోడర్ కొత్త పూల్‌ని చదవదు.

స్నాప్‌షాట్‌ప్రియ:
ఆగడానికి ఇంకో కారణం. 2023 నవంబర్‌లో జడ్‌ఎఫ్‌ఎస్ కోడ్ అయిన ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్ 2.2లో బ్లాక్ క్లోనింగ్ (డేటాని మళ్లీ రాయకుండానే ఫైల్ కాపీ చేయడం) వల్ల ఫైళ్లు పాడవుతున్నాయని ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుందా? ఫ్రీబీఎస్‌డీ 14.0లో ఆ ఫీచర్‌ని డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంచారు.

పనైపోవాలి:
ఆ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుందండీ. తీరా చూస్తే అసలు బగ్ క్లోనింగ్‌లో లేదు, అంతకు ముందునుంచే ఉంది. క్లోనింగ్ దాన్ని బయటపెట్టింది, అంతే. అందుకే సవరణ 2.2.2లోనే కాదు, పాత శాఖ 2.1.14లోనూ పెట్టారు. పూల్ అప్‌గ్రేడ్ చేయనివాళ్లూ ఆ బగ్‌తోనే ఉన్నారు.

స్నాప్‌షాట్‌ప్రియ:
ఆ మాట నిజమే, వెనక్కి తీసుకుంటున్నా. మరి అప్‌గ్రేడ్‌కి ముందు జడ్‌పూల్ చెక్‌పాయింట్ (పూల్ మొత్తం అప్పటి స్థితి) తీసుకుంటే? కొత్త ఫీచర్లతో సహా వెనక్కి తిప్పొచ్చు.

పాతడిస్కు:
తిప్పొచ్చు. కానీ రూట్ పూల్ అయితే బయటి మీడియాతో బూట్ చేసి తిప్పాలి, ఈలోపు రాసిందంతా పోతుంది. ఒకట్రెండు గంటలకైతే పర్లేదు. నెలలు ఉంచితే తుడిచేసిన ఫైళ్ల చోటు కూడా ఖాళీ అవదు. దానికన్నా పూల్‌కి కంపాటిబిలిటీ ప్రాపర్టీని ఓపెన్‌జడ్‌ఎఫ్‌ఎస్-2.1-ఫ్రీబీఎస్‌డీ అని, అంటే 13కి తెలిసిన ఫీచర్ల వరకే అని, పెట్టండి. పొరపాటున అప్‌గ్రేడ్ కొట్టినా ఆ గీత దాటదు. దాని పరిధిలో లేని ఫీచర్ల గురించి హెచ్చరికా రాదు.

రూట్‌వాసి:
ఇప్పుడే రెండో డిస్కు ఈఎఫ్‌ఐ పార్టిషన్ మౌంట్ చేసి చూశాను. లోడర్ ఫైల్ తేదీ 2021! మొదటిదాంట్లోనూ అదే. అంటే ఇన్నేళ్ల అప్‌గ్రేడ్లలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, నేను కూడా. రెండింట్లోనూ కొత్తది వేశాను. ఈఎఫ్‌ఐలో ఫ్రీబీఎస్‌డీ ఫోల్డర్‌తో పాటు బూట్ ఫోల్డర్‌లో బూట్-ఎక్స్64 పేరుతో ఇంకో కాపీ ఉంది, దాన్నీ మార్చాను. ఒక్కో డిస్కు కేబుల్ పీకి బూట్ చేసి చూశాను, రెండూ లేచాయి. పూల్ జోలికి పోలేదు.

పనైపోవాలి:
మంచిది. మరి పూల్ ఎప్పుడు?

రూట్‌వాసి:
13 బూట్ ఎన్విరాన్‌మెంట్‌ని డిలీట్ చేసిన రోజు.