సైలెన్సర్ పైపుల కోసం గేర్‌బాక్స్ క్రాస్‌మెంబర్ కొత్తగా చేసుకోవచ్చా?

గ్రీజుచేతులు:
వెనక చక్రాల డ్రైవ్, ల్యాడర్ ఛాసిస్ (నిచ్చెనలాంటి చట్రం) బండి. ఇంజను, గేర్‌బాక్స్ మార్చి రెండు సైలెన్సర్ లైన్లు వేశాను, 63 మి.మీ. పైపు. గేర్‌బాక్స్ తోకను మోసే అడ్డదూలం, అంటే క్రాస్‌మెంబర్, తిన్నగా అడ్డంగా ఉంది కాబట్టి పైపులు దాని కిందనుంచే పోవాలి. ఇప్పుడు బండిలో అన్నిటికంటే కిందికి ఉన్నవి అవే, స్పీడ్ బ్రేకర్ కనబడితే గుండె జారుతోంది. 75×50 బాక్స్ పైపు, 3 మి.మీ. మందంతో కొత్త క్రాస్‌మెంబర్ చేసి, పైపులు దూరే రెండు చోట్లా పైకి వంపు తిప్పుదామనుకుంటున్నా. చేసినవాళ్ళు ఉన్నారా?

రెంచి:
ఉన్నారు. చెయ్యి. గేర్‌బాక్స్ దించాలంటే అది ఊడి రావాలి కాబట్టి బోల్టులతోనే బిగించు, ఛాసిస్‌కు వెల్డ్ కొట్టకు.

నిదానం:
తొందరపడకండి. 75 ఎత్తున్న బాక్సును పైపు కోసం సగం కోసి, మళ్ళీ మూసి, 37 మిగిల్చారనుకోండి. సగమేగా పోయింది అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి, ఆ చోట వంగకుండా నిలిచే బిగువు దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. దాని బదులు పైపునే మార్చండి. 63 గుండ్రటి పైపును ఆ కాస్త దూరం 45 ఎత్తుకు ఓవల్‌గా నొక్కితే 18 మి.మీ. కలిసొస్తుంది. లోపలి వైశాల్యంలో పోయేది పదో వంతు లోపే.

సుత్తిదెబ్బ:
ఆయన కోస్తానని ఎక్కడన్నారు? వంపు తిప్పుతానన్నారు. వంపులో 75 ఎత్తు అలాగే ఉంటుంది.

నిదానం:
పైన ఫ్లోరు లేదా సార్? పైపుకు 63, మధ్యలో గాలికి 25, దాని మీద 75. మొత్తం 163. ఫ్లోరు కింద అంత చోటుంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. ఎక్కడో సన్నబడాల్సిందే.

సుత్తిదెబ్బ:
సన్నబడినచోట రేకు మందం పెంచుతాం, 3 బదులు 6. పైగా మీ ఐదో వంతు బిగువు లెక్క. బరువు మోసే బలం లెక్క వేరు. అదే బాక్సు 37కి దిగినా బలం మూడో వంతు కంటే ఎక్కువే మిగులుతుంది. ఇంజను, గేర్‌బాక్స్ కలిపిన బరువులో ఎక్కువ భాగం ముందున్న ఇంజను మౌంటింగులే, అంటే ఇంజను కింది రబ్బరు దిమ్మలే, మోస్తాయి. వెనక పడేది మిగిలింది.

మూడోగేరు:
గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం గురించి ఎవరూ మాట్లాడరేం? గేర్‌బాక్స్ కోణం, వెనక యాక్సిల్ హౌసింగ్ కోణం ఒకదానికొకటి సరిపోవాలి. షాఫ్ట్ చివర జాయింట్ దగ్గర 3 డిగ్రీలు దాటితే వేగం అందుకున్నాక వణుకు మొదలవుతుంది.

సుత్తిదెబ్బ:
మౌంటింగ్ ఎత్తు మారకపోతే కోణం ఎందుకు మారుతుంది?

మూడోగేరు:
మారితే?

రెంచి:
మారితే షిమ్ (సర్దుబాటుకు పల్చటి రేకు ముక్క) వేస్తాం. ఇంజను మౌంటింగు నుంచి వెనక మౌంటింగు దాకా మీటరు దూరం ఉంటే, 5 మి.మీ. తేడాకు వచ్చేది డిగ్రీలో మూడో వంతు కూడా లేదు.

మూడోగేరు:
సున్నా డిగ్రీలైనా మంచిది కాదు, తెలుసా? జాయింటులో నీడిల్ బేరింగులు కదలక ఒకేచోట అరుగుతాయి.

సుత్తిదెబ్బ:
అది ఎవరడిగారు స్వామీ?

నిదానం:
లెక్కలు పక్కన పెట్టండి, నా బండి సంగతి చెప్తాను. ఒక వర్క్‌షాపులో అచ్చం ఇలాగే, పైపుల కోసమే, క్రాస్‌మెంబర్ చేయించాను. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కొన్నాళ్ళకు గేర్‌బాక్స్ తోక హౌసింగ్‌లో మౌంటింగ్ బిగించే చెవి విరిగింది. అల్యూమినియం పోత. అలాంటి హౌసింగ్ మరొకటి ఇంకా దొరకలేదు. ఇక్కడ 'చెయ్యి చెయ్యి' అనేవాళ్ళెవరూ ఆ ఖర్చు పంచుకోలేదు.

సుత్తిదెబ్బ:
మౌంటింగ్ ఏం వేశారు?

నిదానం:
పాలీయూరిథేన్.

సుత్తిదెబ్బ:
ఇంజను కింద?

నిదానం:
కంపెనీ రబ్బరే. అయితే?

సుత్తిదెబ్బ:
అయితే విరిగింది అందుకే. ముందు మెత్తటి రబ్బరు, వెనక గట్టి పాలీ. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఇంజను రబ్బరు మీద మెలి తిరుగుతుంది. తోకను మీరు కదలనివ్వలేదు, ఆ మెలి అంతా చెవి మీద పడింది. క్రాస్‌మెంబర్‌ను ఎందుకు తిడతారు? మీరు భయపెట్టిన ఆ ఐదో వంతు బిగువుతో అది కాస్త ఊగి ఉంటే మీ చెవి బతికేదేమో.

నిదానం:
ఆ పాలీ వేసింది ఎవరు? ఆ వర్క్‌షాపువాళ్ళే. వెల్డ్ కొట్టిందీ వాళ్ళే. మీకు నా నష్టం నవ్వులాటగా ఉంది.

మూడోగేరు:
గొడవెందుకు, కోణం సంగతి తేల్చండి ముందు.

సుత్తిదెబ్బ:
నేను నవ్వలేదు. కానీ మొదట్నుంచీ మీరు తిప్పి తిప్పి చెప్తున్నది ఒకటే. సొంతంగా వెల్డింగ్ చేసుకునేవాడు బండి కింద చెయ్యి పెట్టకూడదు, అంతే. ఫ్లోరు, ఓవల్ పైపు, ఐదో వంతు, అన్నీ దానికి తొడుగులు. సూటిగా అనెయ్యండి.

నిదానం:
అంటున్నాను. అవును, పెట్టకూడదు. సైలెన్సర్ బ్రాకెట్ ఊడితే చప్పుడొస్తుంది, ఆపి చూసుకుంటాం. ఇది ఊడితే షాఫ్ట్ తిరుగుతుండగానే గేర్‌బాక్స్ తోక కిందికి దిగుతుంది. ఆ పనే వృత్తిగా ఉన్నవాళ్ళు నా బండిని అలా చేశారు. మెషీను కొత్తగా కొన్నవాణ్ణి ఎలా నమ్మమంటారు? పైన వెల్డ్ పూస అందంగా పడినంత మాత్రాన లోపల లోహం కరిగి కలిసినట్టు కాదు.

సుత్తిదెబ్బ:
ఇదేదో ముందే అని ఉంటే ఇంత చదివే బాధ తప్పేది. నమ్మొద్దు, పరీక్ష పెట్టండి. అదే మెషీను, అదే సెట్టింగు, అదే మందం రేకు ముక్కలు రెండు కలిపి, వైస్‌లో బిగించి సుత్తితో మడవండి. వెల్డ్ నోరు తెరిస్తే క్రాస్‌మెంబర్ జోలికి వెళ్ళొద్దు. రేకు వంగి వెల్డ్ నిలిస్తే ముందుకెళ్ళండి. మీ వర్క్‌షాపువాళ్ళు ఈ పని చేశారో లేదో మీరు అడిగారా?

నిదానం:
బల్ల మీద పెట్టి కొట్టిన వెల్డూ, బండి కింద వెల్లకిలా పడుకుని కొట్టిన వెల్డూ ఒకటేనా?

రెంచి:
కాదు. అందుకే బండి కింద ట్యాకులే (చిన్న చుక్క వెల్డులే) వేస్తారు. గేర్‌బాక్స్‌ను అసలు ఎత్తులో జాకీ మీద నిలబెట్టి, మౌంటింగ్ బిగించి, పైపులు వాటి చోట వేలాడదీసి, ముక్కలు ట్యాక్ చెయ్యాలి. బ్యాటరీ వైరు తీసెయ్యాలి, ఎర్త్ క్లాంపు వెల్డ్ పక్కనే ఉండాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోతుంది. తర్వాత ఊడదీసి, గట్టి చట్రానికి క్లాంపు వేసి బల్ల మీద పూర్తి వెల్డ్. క్లాంపు లేకుండా కొడితే వేడికి లాగేసి బోల్టు రంధ్రాలు కలవవు. ఇంకొకటి, బాక్సు గుండా బోల్టు పోయే ప్రతిచోటా లోపల గొట్టం ముక్క పెట్టి వెల్డ్ చెయ్యాలి. అది లేకుండా బిగిస్తే బాక్సు నొక్కుకుపోతుంది, బోల్టు మళ్ళీ మళ్ళీ వదులవుతుంది. ఇది మానేసేవాళ్ళే ఎక్కువ.

గ్రీజుచేతులు:
అందరూ కొట్టుకుంటుంటే నేను టేపు పట్టుకుని కొలిచాను. ఎడమవైపు ఫ్లోరు కింద చోటుంది, 75 నిండుగా వంపు తిరుగుతుంది. కుడివైపు లేదు. అటు ఓవల్ పైపు వేసి బాక్సు తిన్నగా ఉంచేస్తా. టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే సస్పెన్షన్ కడ్డీలు) దీనికి తగిలించి లేవు, చూశాను. ఎడమవైపు పైపుకూ వంపుకూ మధ్య 10 మి.మీ. వదులుతున్నా. వెల్డింగ్ నేనే.

నిదానం:
కుడివైపు ఓవల్ సరిపోతే ఎడమవైపూ సరిపోతుంది. వంపు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఆ మడత పరీక్ష ఫోటో ముందు ఇక్కడ పెట్టండి.

రెంచి:
10 చాలదు. మీటరున్నర మామూలు ఉక్కు పైపు 400 డిగ్రీలు వేడెక్కితే 7 మి.మీ. పొడుగవుతుంది, 304 స్టెయిన్‌లెస్ అయితే 10. మలుపు ఉన్నచోట ఆ పొడుగు పక్కకు తోసుకొస్తుంది. ఇంజను మెలి దాని మీద అదనం. 20కి తగ్గించకు. గేర్‌బాక్స్ రబ్బరు మౌంటింగుకు పైపు దగ్గరైతే మధ్యలో వేడి ఆపే రేకు కూడా పెట్టు.