ఆలయం లేని ప్రాయశ్చిత్త దినం: క్షమ దొరికినట్టా, సగంలో ఆగినట్టా?

నిబంధన:
బైబిల్లోని లేవీయకాండం 16 చదివినవాళ్లకే ఈ ప్రశ్న. ప్రధాన యాజకుడు తనకోసం, తన ఇంటివారికోసం కోడెను, ప్రజలకోసం ఒక మేకను వధించి ఆ రక్తం అతిపరిశుద్ధ స్థలంలో (అన్నిటికన్నా లోపలి గదిలో) చల్లాలి. రెండో మేక తలమీద చేతులుంచి పాపాలు ఒప్పుకుని అరణ్యానికి పంపాలి. సా.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని తగలబెట్టాక బలిపీఠమే లేదు. ప్రాయశ్చిత్తం చేసేది రక్తమేనని 17:11 అంటుంటే, యూదులు ఇప్పుడు యోమ్ కిప్పుర్ (ప్రాయశ్చిత్త దినం) నాడు చేసే ఉపవాసం, ప్రార్థన చెల్లుతాయా?

తాళపత్రం:
70 దాకా అంతా 16వ అధ్యాయం ప్రకారమే జరిగిందనుకుంటున్నారు. రక్తం చల్లాల్సింది కరుణాపీఠం దగ్గర, అంటే మందసం (పది ఆజ్ఞల పలకలుంచిన పెట్టె) మూత దగ్గర. 70లో కూలిన రెండో ఆలయంలో మందసమే లేదు! మిష్నాలో (యూదుల మౌఖిక ధర్మ సంకలనం) ఈ దినం గురించిన భాగమైన యోమా 5వ అధ్యాయం చూడండి. నేలకి మూడు వేళ్ల ఎత్తున్న రాతిమీద ధూపం పెట్టేవారు. రక్తం పైకి ఒకసారి, కిందికి ఏడుసార్లు, "ఒకటి, ఒకటీ ఒకటి, ఒకటీ రెండు" అని వినబడేలా లెక్కపెడుతూ చల్లేవారు. అసలు వస్తువు లేకుండానే ఐదు వందల ఏళ్లకు పైగా సాగింది. పైగా రెండు పావురాలు కూడా తేలేని పేదవాడు ఏఫాలో (ధాన్యం కొలత) పదోవంతు గోధుమపిండి తెచ్చినా క్షమ ఉంది (లేవీ 5:11).

నిబంధన:
పక్క వచనమూ చదవండి, ఆ పిండిలో పిడికెడు బలిపీఠం మీదే కాల్చాలి. ఇంకోటి: మేకకు కట్టే ఎర్ర ఉన్ని, ఆలయం కూలేముందు 40 ఏళ్లపాటు తెల్లబడలేదని (తెల్లబడితే క్షమ దొరికినట్టు గుర్తు) మిష్నాపై రబ్బీల చర్చల గ్రంథమైన తాల్ముదే అంటోంది (యోమా 39). అంటే సుమారు సా.శ. 30 నుంచి, యేసు సిలువ కాలం నుంచి. క్రైస్తవుడిగా ఆ లెక్కని నేను కాకతాళీయం అనుకోలేను.

తాళపత్రం:
ఆ పుటలోనే, ప్రధాన యాజకుడు, నీతిమంతుడైన షిమోను కాలం దాటాక ఆ ఉన్ని ఒక్కోసారి తెల్లబడేది, ఒక్కోసారి లేదు అని కూడా ఉంది. అంటే అంతకు ఎన్నో తరాల ముందు నుంచే. సగం చెప్పి వదిలేస్తే ఎలా?

చివరి బెంచీ:
మధ్యలో వస్తున్నా. ఉపవాసమే బలికి బదులైతే, షుగర్ ఉన్నవాడు తింటే అతనికి క్షమ లేనట్టేనా?

రాత్రిబడి:
లేనట్టు కాదండీ. ఆ 25 గంటలు మంచినీళ్లు కూడా ముట్టకూడదన్నది నిజం, కానీ ప్రాణాపాయం ఉంటే తినడమే ధర్మం. చాలామంది రబ్బీలు (యూదు మతగురువులు) చెప్పే పద్ధతి ఇది: ఒక్కో విడతకి 30 మి.లీ. లోపు ఆహారం, తర్వాత సుమారు 9 నిమిషాలు ఆగి మళ్లీ. నీళ్లకి కొలత ఎవరి పుక్కిలి వారిదే, దానికన్నా తక్కువ తాగాలి. ముందురోజే నోట్లో నీళ్లు పోసుకుని గ్లాసులో ఉమ్మి కొలుచుకోవాలి. అది చాలకపోతే కడుపునిండా తినాల్సిందే. డాక్టరు అక్కర్లేదన్నా రోగి కావాలంటే పెట్టాలి. చిక్కొచ్చేది భక్తి ఎక్కువై మొండికేసేవాళ్లతోనే.

మీ ఇద్దరూ వదిలేసింది ఇంకోటుంది. సాటి మనిషికి చేసిన తప్పుని ఈ రోజు కడగదు, అతన్ని శాంతింపజేసేదాకా (యోమా 8:9). ముందు సొమ్ము తిరిగివ్వాలి, తర్వాత క్షమాపణ. ఒప్పుకోకపోతే ముగ్గురిని వెంటబెట్టుకుని మళ్లీ, ఇలా మూడుసార్లు. చనిపోయి ఉంటే పదిమందిని సమాధి దగ్గర నిలబెట్టి ఒప్పుకోవాలి. "పాపం చేస్తా, యోమ్ కిప్పుర్ చూసుకుంటుంది" అనుకున్నవాడికి ఆ రోజు పనిచేయదు. ఆలయం ఉన్నప్పుడైనా మేక ఈ బాకీ తీర్చలేదు.

నిబంధన:
అది ఒప్పుకుంటా. మత్తయి 5:23-24 కూడా కానుకని బలిపీఠం దగ్గరే వదిలి ముందు సోదరుడితో సమాధానపడమంటుంది. నా ప్రశ్న దేవునికి చేసిన పాపం గురించి.

తాళపత్రం:
దానికి మొదటి ఆలయం కట్టిన సొలొమోను ప్రార్థనే జవాబు (1 రాజులు 8:46-50). చెరలో ఉన్నవాళ్లు పశ్చాత్తాపపడి ఈ మందిరం వైపు తిరిగి ప్రార్థిస్తే క్షమించమన్నాడు. బలి ఊసే లేదు.

నిబంధన:
మందిరం వైపు తిరిగి అన్నాడు కదా. మందిరం ఉండాలిగా?

తాళపత్రం:
దానియేలు బబులోనులో యెరూషలేము వైపు కిటికీలు తెరిచి రోజుకి మూడుసార్లు ప్రార్థించేనాటికి (6:10) ఆ మందిరం కూలి శిథిలమై ఉంది.